అప్పడాలు కాల్చిన శనివారం

ఆస్ట్రేలియా నుంచి తిరిగొచ్చాక అందరూ నన్ను అడిగేవి రెండే. సిడ్నీలో ఆ తెల్లరెక్కల భవనం చూశావా, కంగారూని చూశావా అని. రెండూ చూశాను. భవనం ముందు ఫొటో కూడా దిగాను, అందులో కళ్ళు మూసుకున్నాను. కానీ మూడేళ్ళు ఆ దేశంలో ఉండి నేను ప్రయాణమని చెప్పుకోదగ్గది చేసింది ఒక్కటే. 2001 నవంబరులో టూవూంబా అనే ఊరికి కారులో వెళ్ళి వచ్చాను. వెనక సీట్లో ఐదు కట్టల అప్పడాలు, చొక్కా జేబులో ఒక ఉత్తరం. ఆ ఊరు ఎవరూ చూడ్డానికి వెళ్ళరు గనక, వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందు అప్పడాల సంగతి చెప్పాలి. సలీం, నేను ప్రొద్దుటూరులో ఇంటర్ నుంచి ఒకే బెంచీ. ఇద్దరం ఒకే ఏడాది ఆస్ట్రేలియా చేరాం. నేను సిడ్నీలో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో పాత కోబాల్ ప్రోగ్రాములకు రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసే పనికి, వాడు టూవూంబాలో యూనివర్సిటీలో, అక్కడివాళ్ళ మాటలో యూనిలో, కంప్యూటర్లు చెప్పడానికి. ఆదివారాలు ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. ఒకసారి, శనివారాలు ఏం చేస్తావురా అని అడిగితే, "అప్పడాలు కాలుస్తాం" అన్నాడు. నూనె దొరకదా ఆ ఊళ్ళో, కాల్చుకు తినే ఖర్మేంటి అన్నాను. వాడు ఫోన్ పక్కన పెట్టి మరీ నవ్వాడు. వాడు కాల్చేది పొయ్యి మీద కాదు, రివాల్వర్‌తో.

ఊరి బయట పిస్టల్ క్లబ్బులో చేరాడట. సెకండ్ హ్యాండులో పాయింట్ టూటూ రివాల్వర్ కొన్నాడట. మామూలు టీవీ కన్నా చవక. క్లబ్బు బార్బీకి, అంటే ఆరుబయట కాల్చుకు తినే విందుకి, వేయించుకుందామని అప్పడాలు తీసుకెళ్తే, ఎవరో ముసలాయన తమాషాకి ఒక పచ్చి అప్పడాన్ని తీగకు తగిలించాడు. వీడు కొట్టాడు. అది ముక్కలై రాలింది. అప్పటినుంచి నెలకో శనివారం క్లబ్బులో అప్పడాల శనివారం అయిపోయింది.

ఇక ఉత్తరం సంగతి. న్యూయార్కులో రెండు మేడలు కూలిన తర్వాతి నెల, ఒక మధ్యాహ్నం సలీం ఆఫీసుకు ఫోన్ చేశాడు. నా చేతులు కీబోర్డు మీద ఉన్నాయి, ఫోను స్పీకరులో ఉంది, మా మేనేజరు నా కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు. "శీనా, నేను సలీంని. క్లబ్బులో రివాల్వర్ లైసెన్సుకు కాగితం కావల్లరా. నన్ను బాగా తెలిసినోడు ఒకడు..." అంటున్నాడు. మిగతాదంతా తెలుగే గాని, సలీం, క్లబ్బు, రివాల్వర్, లైసెన్సు అన్న మాటలకు అనువాదం అక్కర్లేదు. నా కాంట్రాక్టు ఆ నెలాఖరుకు తెగుతుందో కొనసాగుతుందో తెలియదు. పర్మినెంట్ రెసిడెన్సీ కాగితాలు ఆఫీసర్ల టేబుళ్ళ మీద ఉన్నాయి. నేను స్పీకరు వైపు వంగి ఇంగ్లీషులో, "సారీ, రాంగ్ నంబర్" అన్నాను. నా నోట ఇంగ్లీషు అంత మర్యాదగా ఎప్పుడూ పలకలేదు. ఫోన్ పెట్టేశాను.

వాడు మళ్ళీ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. కాంట్రాక్టు ఎలాగూ తెగింది. ఉద్యోగం పోయిన మూడోనాడు కూర్చుని ఉత్తరం టైపు చేశాను. పోగొట్టుకోవడానికి ఏమీ మిగలకపోయాక వచ్చిన ధైర్యం అది, నాకూ తెలుసు. క్లబ్బు సభ్యత్వం గడువు నవంబరు ఆఖరుదాకా ఉందని వాడు అంతకుముందెప్పుడో చెప్పాడు. స్వయంగా తీసుకెళ్ళి ఇద్దామని బయల్దేరాను.

హారిస్ పార్క్

వస్తున్నానని ముందు చెప్పాలి కదా. సలీం యూనిలో ఉండే వేళ చూసుకుని ఇంటికి ఫోన్ చేశాను. వాడి భార్య షబానా ఎత్తింది. వస్తున్నానంటే, "రండన్నా. శనివారానికి అప్పడాలు తెండి, ఈడ మంచివి దొరకవు" అంది.

పరమట్టా స్టేషను పక్కనే హారిస్ పార్క్. అక్కడ మన సరుకులమ్మే గుజరాతీ అంకుల్ ఐదు కట్టలు ఒకేసారి అడిగేసరికి ఇంట్లో పెళ్ళా అన్నాడు. కాదు, స్నేహితుడి కోసం అన్నాను. అంత ప్రేమా అని ఇంకో చిన్న కట్ట ఊరికే వేశాడు. డబ్బులిచ్చి బయటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు.

కారు నా రూమ్మేటుది. ఎడమవైపు వెనక అద్దం నాలుగు వేళ్ళ సందు వదిలి పైకి రానంటుంది. వానొస్తే తువ్వాలు కుక్కమని చెప్పి తాళాలిచ్చాడు.

టామ్‌వర్త్

సిడ్నీ దాటి కొండలెక్కి దిగాక రోడ్డు ఖాళీ అయింది. ఎదురుగా వచ్చే ప్రతి బండివాడూ స్టీరింగు మీద నుంచి ఒక వేలు ఎత్తుతున్నాడు. నా కారుకేదో అయిందనుకుని రెండుసార్లు దిగి టైర్లు చూసుకున్నాను. మూడోసారి పెట్రోలు బంకులో అడిగితే ఆవిడ నవ్వి, అది హలో చెప్పడం, అంతే అంది. మన రోడ్ల మీద ఎదుటి లారీవాడు చెయ్యి బయటపెట్టాడంటే నాలుగు తిట్లు తినడానికి సిద్ధపడాలి. అప్పట్నుంచి నేనూ వేలు ఎత్తడం మొదలుపెట్టాను. ముక్కూ మొహం తెలియని వంద మందినైనా పలకరించి ఉంటాను ఆ రోజు.

టామ్‌వర్త్ మొదట్లోనే తాటిచెట్టంత బంగారురంగు గిటారు నిలబెట్టారు. దాని నీడలో కూర్చుని వినిగరు చల్లిన బంగాళాదుంప చిప్సు తిన్నాను. కూరగాయలు కూరిన పై అనే రొట్టె ఉందా అని అడిగితే బేకరీ అమ్మాయి, ఉంది గాని అందులో కొంచెం మాంసం ఉంటుంది అని నిజాయితీగా చెప్పింది. రెండు డాలర్ల చిప్సు కాబట్టి యాభై రూపాయలు. మూడేళ్ళయినా ఇరవై ఐదుతో హెచ్చవెయ్యడం నాకు పోలేదు.

మోటెల్లో బస. అక్కడో వింత పద్ధతి చూశాను. గది గోడలో చిన్న తలుపు ఉంటుంది. పొద్దున అవతల నుంచి ఎవరో దాన్ని తెరిచి టీ, రొట్టె లోపల పెట్టి మూసేస్తారు. పెట్టిన మనిషి మనకు కనబడరు, తిన్న మనిషి వాళ్ళకు కనబడరు. కానీ ఆ పొద్దున నేను ఆ టీ పెట్టే ఆవిడను చూడాల్సే వచ్చింది. తెల్లవారుజామున వాన కురిసింది. తువ్వాలు కుక్కడం మర్చిపోయాను. అప్పడాల కట్టల కాగితం నాని, లోపలివి మెత్తగా తోలు ముక్కల్లా వంగుతున్నాయి.

నేను వాటిని వరండాలో పరుస్తుంటే ఆవిడ వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి. ఇవేంటి అంటే తినేవి అన్నాను. ఓవెన్‌లో పెట్టి ఆరబెట్టనా అంది. వద్దు, కాలిపోతాయి అన్నాను. తినేవే కదా అంది. తినడానికి కాదు, నా స్నేహితుడు వీటిని తుపాకీతో కొడతాడు అన్నాను. ఆమె నన్ను, అప్పడాలను మార్చిమార్చి చూసి, లోపలికెళ్ళి తన హెయిర్ డ్రయ్యరు తెచ్చిచ్చింది. ఒక్కొక్క అప్పడానికి గాలి పెడుతూ గంటసేపు కూర్చున్నాను. సగం కూడా ఆరలేదు. ఆ గంటలో, నెల రోజుల్లో మొదటిసారి, నాకు నవ్వొచ్చింది.

ఎవరూ లేని కొట్టు

టెంటర్‌ఫీల్డు దాటాక రోడ్డు పక్కన ఒక బల్ల, దాని మీద తేనె సీసాలు, రేకు డబ్బా. మనిషి లేడు. సీసా తీసుకుని డబ్బాలో డబ్బులు వెయ్యమని అట్టముక్క మీద రాసి ఉంది. చుట్టూ చూశాను. ఆవులు తప్ప ఎవరూ లేరు. మా ఊళ్ళో అయితే సాయంత్రానికి బల్ల కూడా ఉండదు అనుకుంటూ ఒక సీసా తీసుకున్నాను. నెలవంక కనబడితే మర్నాటి నుంచి రంజాను ఒక్కపొద్దులు, సలీంకి పనికొస్తుంది. డబ్బాలో నోటు వేస్తుంటే సిగ్గేసింది. ఈ తేనెవాడు నా మొహం చూడకుండా నన్ను నమ్మాడు. ఇన్నేళ్ళు నా మొహం చూసినవాడికి నేనేం చేశాను?

కొంచెం ముందుకెళ్తే క్వీన్స్‌లాండ్ సరిహద్దు. అక్కడ నవంబరంటే వేసవి, సిడ్నీ వైపు గడియారం గంట ముందుకు తిప్పుతారు, ఆ రాష్ట్రంవాళ్ళు తిప్పరు. అందుకని సరిహద్దు దాటగానే మనకు ఒక గంట వెనక్కి వస్తుంది. కారు ఆపి చేతి గడియారం తిప్పుకున్నాను. అంత సులభంగా ఒక గంట తిరిగి వచ్చింది. నాకు కావలసింది గంట కాదు, నెల.

టూవూంబా

టూవూంబా కొండ అంచున ఉంటుంది. మన్ను ఎర్రగా, అచ్చం రాయచోటి వైపు చేలలా. ఆ ఎర్రమన్ను మీద జకరండా పూలు రాలి వీధులన్నీ ఊదారంగు. బస్సులు తక్కువ, అందరికీ కార్లే. ఎవరి ముంగిట చూసినా పూలమొక్కలు. సాయంత్రమయ్యేసరికి చలి. ఊరు మరీ శుభ్రంగా, మరీ నిశ్శబ్దంగా ఉంది. అలాంటి చోట ఎవరైనా నిన్ను కొంచెం వేరుగా చూస్తే ఆ చూపు చాలా గట్టిగా వినబడుతుందేమో అనిపించింది.

సలీం గేటు దగ్గరికొచ్చి, "వస్తివా. బాగా చిక్కిపోయినావే" అని కౌగిలించుకున్నాడు. ఎప్పటిలాగే. ఏదైనా తేడా కనబడుతుందేమోనని వెతికాను, కనబడలేదు. అదే నాకు కష్టమనిపించింది. వాడి ఐదేళ్ళ కూతురు తెలుగంతా అర్థం చేసుకుని ఇంగ్లీషులో, అంకుల్, నాన్న టార్గెట్లు తెచ్చావా అని అడిగింది.

వాడు రంజాను నెలవంక కనిపించిందేమో కనుక్కోవడానికి ఫోన్లో ఉన్నప్పుడు, నేను వంటింటి గుమ్మంలో నిలబడి షబానాకు ఉత్తరం సంగతి చెప్పాను. ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది. కత్తి ఆపింది.

"పోయిన వారమే రాసిచ్చేసినారన్నా, క్లబ్బు వద్దని. రివాల్వర్ క్లబ్బుకే ఇచ్చేస్తాన్నారు, కొత్తోళ్ళు నేర్చుకునేదానికి. రేపే ఆఖరు."

గడువు ఇంకా ఉంది కదా అన్నాను. ఉండాది అంది. మళ్ళీ ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. ఉత్తరం జేబులోనే ఉండిపోయింది.

రేంజి

పాత రాళ్ళ గనిని చదును చేసిన రేంజి అది, గురి చూసి కాల్చే చోటు. మూడు వైపులా ఎర్రమట్టి కట్ట. నాలాంటి బయటివాళ్ళు ఒక ఫారం మీద సంతకం చేసి, క్లబ్బు మనిషి పక్కన నిలబడితేనే కాల్చాలి. నా పక్కన నిలబడినాయన పేరు రాన్. డెబ్భై దాటిన రైతు, క్లబ్బు కెప్టెన్. సలీం పేరు వాళ్ళ నోట సాల్ అయింది. సలీం వెళ్ళి తీగ కడుతుంటే, రాన్, ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు నా మెత్తటి అప్పడాలను కార్ల బానెట్ల మీద ఆరబెట్టారు. వాటిని ఎలా తిరగెయ్యాలో వాళ్ళకు బాగా తెలుసు. ఏడు సముద్రాల అవతల టోపీలు పెట్టుకున్న ముసలివాళ్ళు ఎండలో అప్పడాలకు కాపలా కాయడం నేను కళ్ళారా చూశాను.

సలీం పెట్టె తాళం తీశాడు. నేను ఊహించుకున్నంత దర్జాగా లేదు ఆ రివాల్వర్. నల్లరంగు అంచుల దగ్గర పోయి బూడిదరంగు లోహం తేలింది. కర్రపిడికి ఒక పక్క చిన్న బీట. తొమ్మిది గుళ్ళు పడతాయి, పక్కనున్న చిన్న తలుపులోంచి ఒక్కొక్కటే ఎక్కించాలి. కాల్చాక ఖాళీ తొడుగులను ఒక్కొక్కటే పుల్లతో తోసి తియ్యాలి. వీటిల్లో సూది తూటా నడిమధ్యన కాదు, అంచు మీద కొడుతుందట. ఆ రకం తూటాలు యాభై కలిపినా ఖరీదు ఒక సినిమా టిక్కెట్టులో సగం కూడా ఉండదు. చప్పుడు కూడా పెద్దగా లేదు, బల్ల మీద స్కేలుతో కొట్టినట్టు.

"ఖరీదువి శానా ఉండాయిరా ఈడ," అన్నాడు సలీం, తూటాలు ఎక్కిస్తూ. "అవి టకటకా అయిపోతాయి. దీంతో తొమ్మిది కాల్చి, తొమ్మిది తీసి, మళ్ళా తొమ్మిది పెట్టేలోపల ఒక కథ చెప్పుకోవచ్చు. యూనిలో పొద్దస్తమానం చేసింది సరిపోయిందో లేదో ఎవురూ చెప్పరు. ఈడ అప్పడం చెప్తాది."

పదిహేను మీటర్ల దూరంలో తీగ మీద బట్టల క్లిప్పులతో అప్పడాలు వేలాడుతున్నాయి. సలీం తిండీ నీళ్ళూ లేకుండా ఉన్నాడు. ఒక్కపొద్దుండి అప్పడాలు కాలుస్తాండానని వాడే జోకు వేసుకున్నాడు. చెయ్యి చాచి, ఊపిరి సగం వదిలి, ఆగి, మెల్లగా నొక్కాడు. బాగా ఆరిన అప్పడం పటుక్కున పగిలి రాలింది. ముసలివాళ్ళు, భలే సాల్, అన్నారు. వాడి మొహం ఇంటర్లో లెక్క తెగినప్పటి మొహం. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ రాలింది. వాడంత సంతోషంగా ఉండటం ఆస్ట్రేలియాలో నేను చూడటం అదే మొదలు. చూస్తూ నిలబడటం నాకు చాలా కష్టమైంది.

వాడు కొత్త అప్పడాలు తగిలించడానికి వెళ్ళినప్పుడు, అందరూ తుపాకులు కింద పెట్టి ఎడంగా నిలబడతారు. అప్పుడు రాన్ నాతో అన్నాడు. లైసెన్సుకు ఆధారమైన సభ్యత్వాన్ని పొడిగించుకునేటప్పుడు అందరినీ అడిగే కాగితమేనట. రెండు ఉత్తరాలు కావాలి, ఒకటి తనే రాసిచ్చాడు. రెండోది క్లబ్బు బయటివాళ్ళు, బాగా తెలిసినవాళ్ళు రాయాలి. సెప్టెంబరు తర్వాత యూని టీ రూములో ఎవరో సాల్ దగ్గర తుపాకీ ఉంది జాగ్రత్త అని నవ్వులాటకన్నారట, అది వాడికి గుచ్చుకుందని రాన్‌కు తెలుసు. అందుకే తన డాక్టర్ని, తన పక్కింటాయన్ని, ఎవర్ని కావాలంటే వాళ్ళని అడిగి రాయిస్తానని పదిసార్లు చెప్పాడట. సాల్ ఒప్పుకోలేదట.

"సిడ్నీలో తనకో మేట్ ఉన్నాడట. రాస్తే అతనే రాయాలి, లేకపోతే వద్దన్నాడు," అన్నాడు రాన్. "ఆ మేట్ ఎవరో నీకు తెలుసా?"

తెలియదు అన్నాను.

ఉత్తరం నా జేబులోనే ఉంది. చొక్కా మీంచి దాని మడత చేతికి తగులుతోంది. ఎందుకలా అన్నానో ఇప్పటికీ చెప్పలేను. ఈసారి మేనేజరు లేడు, కాంట్రాక్టు లేదు, భయపడటానికి ఏమీ లేదు. అలవాటై ఉంటుంది.

సలీం ఆఖరి తొమ్మిది ఎక్కించాడు. ఎనిమిది కాల్చి, రివాల్వర్ బల్ల మీద పెట్టి, "తొమ్మిదోది నీది" అన్నాడు. రాన్ నా భుజం దగ్గర నిలబడ్డాడు. సలీం వెనక నుంచి, "గురి మీదనే ఉండు, నొక్కేది మర్చిపో" అన్నాడు. గురి అన్న మాటకు మన దగ్గర ఇంకో అర్థం కూడా ఉంది, ఒకరి మీద ఒకరికి ఉండే నమ్మకం. వాడు ఆ అర్థంలో అనలేదు. నాకు మాత్రం రెండూ వినబడ్డాయి. కాల్చాను. తగిలింది. కానీ అది సరిగా ఆరని అప్పడం, నా కారు అద్దం పుణ్యాన. పగల్లేదు. నడుమ చిన్న బెజ్జం పడి, అలాగే వేలాడుతూ ఉండిపోయింది. బెజ్జంలోంచి ఎర్రమట్టి కనబడింది.

సలీం రివాల్వర్ తుడిచి, నూనె రాసి, రాన్ చేతికిచ్చాడు. రాన్ కాగితం మీద సంతకం తీసుకుని, క్లబ్బు ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఇద్దరూ చేతులు కలిపారు. ఖాళీ పెట్టె మాత్రం సలీం ఇంటికి తెచ్చుకున్నాడు.

ఇఫ్తారు ముందు

షబానా బల్ల మీద ఖర్జూరాలు, శనగపిండి బజ్జీలు, నేను తెచ్చిన తేనె, పలావు సర్దింది. పొద్దు గుంకడానికి పది నిమిషాలుంది. వరండాలో కూర్చున్నాం. అప్పుడు ఉత్తరం తీసి ఇచ్చాను. వాడు అద్దాలు పెట్టుకుని నెమ్మదిగా చదివాడు. ఈయనను నేను పదకొండేళ్ళుగా ఎరుగుదును, నేను పూర్తిగా నమ్మే మనిషి అని ఇంగ్లీషులో రాశాను.

"పదకొండు కాదురా, పదమూడు. ఇంటర్ లెక్క లేదా?" అన్నాడు.

దిద్ది మళ్ళీ రాసిస్తాను, గడువు ఉంది కదా, రాన్‌తో నేను మాట్లాడతాను అన్నాను. గబగబా చాలా చెప్పాను. వాడు ఉత్తరాన్ని ఉన్న మడతల్లోనే మడిచి, రివాల్వర్ ఉండే ఖాళీ పెట్టెలో పెట్టి మూత వేశాడు.

"ఉండనీలే. బాగా రాసినావు," అన్నాడు. వీధిలో పూలు చూస్తూ, "ఆ పొద్దు నేనే నంబరు తప్పు కొట్టింటి. ఎవురో తెల్లోడు ఎత్తినాడు" అన్నాడు.

అది నాకిచ్చిన చివరి అవకాశం. కాదురా, అది నేనే అని మూడు మాటలు. నోరు తెరిచాను కూడా. లోపల నుంచి పాప, డాడ్, ఇట్స్ టైమ్ అని కేకేసింది. వాడు లేచి నా చేతిలో ఒక ఖర్జూరం పెట్టి లోపలికి వెళ్ళాడు. ఆ ఖర్జూరం పట్టుకుని నేను చాలాసేపు వరండాలోనే ఉన్నాను.

తిరుగుదారి

బయల్దేరేటప్పుడు మిగిలిన రెండు కట్టల అప్పడాలు షబానా నా కారులోనే పెట్టింది. ఇంక వీటితో మాకేం పనన్నా, తినండి అంది. వచ్చేటప్పుడు సరిహద్దులో ఆ గంట మళ్ళీ ముందుకు తిప్పాల్సి వచ్చింది. తేనెబల్ల అక్కడే ఉంది. ఎదురొచ్చిన వాళ్ళంతా వేలు ఎత్తారు. నేను ఎత్తలేదు.

ఆ జనవరిలో హైదరాబాదు వచ్చేశాను. అప్పడాలు కాల్చనా అని ఇంట్లో ఎవరన్నా అంటే వేయించమంటాను. ఎందుకో వాళ్ళకు చెప్పలేదు.

ఎండాకాలం గడిచాక ఒక ఆదివారం ధైర్యం చేసి, ఆ మూడు మాటలూ కాగితం మీద రాసి ముందు పెట్టుకుని, ఐఎస్‌డీ బూత్ నుంచి టూవూంబాకు ఫోన్ చేశాను. వాళ్ళు అప్పటికే ఊరు మారారని నాకు తెలియదు. ఎవరో ఆవిడ ఎత్తింది. సలీం ఉన్నాడా, నేను శీనుని అన్నాను.

"సారీ, రాంగ్ నంబర్" అంది ఆవిడ. చాలా మర్యాదగా చెప్పింది. ఆ రోజు నేనూ అంతే మర్యాదగా చెప్పాను.